ఆ ‘న’ మామయ్య గారిదే

ఫ్లెక్సీ సంగతి నాకు మొదట చెప్పింది మా అత్తయ్య గారు, అదీ ఫోన్లో, ఊరంతా వినపడేలా అరుస్తూ. తొలకరి పడి అప్పటికి రెండు రోజులు. నేను చిలకలూరిపేటలో, నేను పనిచేసే ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఎవరి అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కో గులాబీల బోర్డరు వేస్తున్నాను.

“అమ్మాయ్, ఉన్నపళంగా బయల్దేరి రా. మీ మామయ్యని విత్తనాల కొట్టు కాడికి తీసుకుపోయారు. కొట్టాయన మీద ఏందో రాశాడంట. ఈయన బ్రష్షు పట్టి నెల దాటింది కదే! ఏం రాశాడే?”

“ఎవరు తీసుకెళ్ళారు అత్తయ్యా?”

“కొట్టాయనే వచ్చాడు, ఇంకో నలుగుర్ని ఎనకేసుకుని. గడప తొక్కలా. బయట్నించే రమ్మన్నాడు. మంచినీళ్ళిస్తే తాగలా.”

మంచినీళ్ళు తాగలేదన్న మాటకి నాకు భయం పట్టుకుంది. ఆ విత్తనాల షాపాయనా మా మామయ్య గారూ ఒక ఈడు వాళ్ళు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళు. ఆయన మా ఇంటికొస్తే సరాసరి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి కాఫీ అడిగి మరీ తాగే మనిషి.

ఫోన్ పెట్టేసేలోపే ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. విత్తనాల షాపుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, రెండు కరెంటు స్తంభాలకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ. పసుపు మీద ఎర్రటి అక్షరాలు. పై వరసలో ‘నకిలీ విత్తనం ఇక్కడే’. రెండో వరసలో, అదే సైజులో, ‘కొని నష్టపోయాం. మీరు మోసపోకండి’. కింద షాపు వైపు చూపిస్తూ ఒక బాణం గుర్తు. ఎవరు కట్టారో పేరు లేదు. పేరు అక్కర్లేదు కూడా, ఆ అక్షరాలు చూస్తే మా చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరైనా చెప్పేస్తారు అవి ఎవరి చేతివో.

అవి మా మామయ్య గారి అక్షరాలు. రాసింది మాత్రం ఆయన కాదు. ఆ ముక్క మా ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు. ఎందుకంటే ఆయన గోడల మీద నుంచి ఆ అక్షరాలని ఎత్తుకొచ్చి కంప్యూటర్లో ఫాంటుగా చేసింది నేనే. ఆయనకి చెప్పకుండా.

స్కూటీ తీశాను. పేట నుంచి మా ఊరు ఎనిమిది కిలోమీటర్లు. హైవే మీద లారీల పక్కన ఎలా నడిపానో నాకు గుర్తులేదు. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకుంటున్నాను: చెప్పేయాలా, చెప్పకుండా బయటపడే దారి ఏమైనా ఉందా. నేను అంత మంచిదాన్నేమీ కాదు. రెండోదాని గురించే ఎక్కువ ఆలోచించాను.

మామయ్య గారు నలభై ఏళ్ళుగా పెయింటరు. షాపు బోర్డులు, జిన్నింగు మిల్లు గోడలు, ట్రాక్టర్ ట్రక్కులు, బడి గోడల మీద హాజరు పట్టికలు, అన్నీ ఆయన చేతివే. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆయన రాస్తుంటే నిలబడి చూసేదాన్ని. వరస మొత్తం ముందు తలకట్లు లేకుండా రాసేవారు. బోడి తలలతో అక్షరాలన్నీ వరసగా ఉండేవి, చదవడానికి కూడా వచ్చేవి కావు. అప్పుడు ఒక బీడీ కాల్చుకుని, బ్రష్షు మళ్ళీ ముంచి, ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా తలకట్లన్నీ ఒక్క ఊపున వేసుకుంటూ పోయేవారు. ఆ ఊపులో ఒక తలకట్టు ఎత్తుగా, ఇంకొకటి వాలుగా, ఒకటి పక్కదాన్ని దాదాపు తాకుతూ పడేది. అందుకే ఆయన రాత చూస్తే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. గోడ మీద ఎవరి సంగతి రాస్తున్నారో ఆ మనిషి వచ్చి పక్కన నిలబడాలి. మొదటి అక్షరం ఆ మనిషి కళ్ళ ముందే పడాలి. ఎన్నికలప్పుడు ఎదుటివాణ్ణి తిట్టే రాతలు రాయమని వచ్చేవాళ్ళు. “దానికేం, రాస్తా. ఆయన్ని కూడా పిలుచుకు రండి, పక్కన నిలబడమనండి,” అనేవారు. ఎవరు తీసుకొస్తారు? వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయేవాళ్ళు. ఆయన చేత్తో ఒక మనిషిని చాటున అన్న మాట ఒక్కటి కూడా ఆ ఊళ్ళలో ఏ గోడ మీదా లేదు. ఆ పేరు తప్ప ఆయన కూడబెట్టుకున్నది ఏమీ లేదు.

నేను షాపులో చేరాక వచ్చిన ప్రతివాడూ ఒకటే అడిగేవాడు, చేత్తో రాసినట్టు ఉండాలండి అని. మా దగ్గరున్న ఫాంట్లేమో ఇస్త్రీ చేసిన చొక్కాల్లా బిర్రుగా ఉండేవి. ఇంట్లోనే ఇంత చెయ్యి పెట్టుకుని ఎక్కడో వెతకడమేంటని మామయ్య గారికి గళ్ళ కాగితం ఇచ్చాను, గడికో అక్షరం రాయమని. క రాశారు, ఖ రాశారు. బ్రష్షు పక్కన పెట్టేశారు.

“ఒంటి అక్షరం ఎట్టా రాయనమ్మా? దాని పక్కన ఏముందో తెలవాలి కదా. మాట చెప్పు, రాస్తా.”

“కంప్యూటర్‌కి ఒక్కొక్కటే కావాలి మామయ్యా.”

“అయితే ఆ కంప్యూటర్నే రాసుకోమను,” అని లేచి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. అసలే నాకు పట్టుదల ఎక్కువని మా అమ్మ తిట్టేది. కాదన్నారా, సరే చూద్దామనుకున్నాను. నాలుగు నెలలు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం, స్కూటీ వేసుకుని తిరిగాను. టైలరు బోర్డు, టైర్ల షాపు, బడి గోడ, మిల్లు గేటు, ఆర్ఎంపీ డాక్టరు గారి అరుగు, ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కులు, చివరికి మా చేను గట్టు మీదున్న మామయ్య గారి నాన్న గారి సమాధి, ఆయన చెయ్యి పడిన చోటల్లా ఫోన్‌తో ఫోటోలు తీశాను. ఇంట్లో అడిగితే పని మీద వెళ్తున్నానన్నాను. అబద్ధం కాదు కదా! వందల ఫోటోల్లోంచి ఒక్కో అక్షరానికీ అన్నిటికంటే అందమైనది ఏరి, దాని చుట్టూ గీత గీసి, శుభ్రం చేసి, ఫాంటు తయారు చేశాను. పేరేం పెట్టమంటావని మా ఓనరు అడిగితే ‘మామయ్య’ అని చెప్పాను. సొత్తు ఎవరిదో చెప్పి మరీ దొంగతనం చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ ఫాంటు షాపులో పెట్టిన వారానికే పెన్‌డ్రైవుల్లో ఎక్కి నరసరావుపేట, అద్దంకి, పొన్నూరు దాకా పోయింది. టిఫిన్ సెంటర్లకి అదే, పెళ్ళిళ్ళకి అదే, కోచింగ్ సెంటర్లకీ అదే. ఒకసారి మామయ్య గారూ నేనూ బస్సులో గుంటూరు వెళ్తుంటే ఆయన కిటికీలోంచి ఒక బిర్యానీ ఫ్లెక్సీ చూపించి, “ఎవడో గానీ బాగా రాశాడమ్మా. అచ్చం నా చేతిలా ఉంది,” అన్నారు, సంతోషంగా. నేను రెండో వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడే చెప్పేసి ఉంటే అయిపోయేది. చెప్పలేదు.

ఊళ్ళోకి వచ్చేసరికి షాపు ముందు యాభై మంది దాకా ఉన్నారు. పత్తి విత్తనాలకి వచ్చిన రైతులు చాలామంది, చేతుల్లో సంచులతో. కిందటేడు ఆ షాపులో కొన్న విత్తనం సరిగ్గా మొలవలేదని కొందరికి కోపం ఉన్నమాట నిజం. అయితే అప్పుడు అందరూ చూస్తున్నది మా మామయ్య గారిని. ఆయన ఫ్లెక్సీ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి ఆ అక్షరాలనే చూస్తున్నారు. ఎవరి మాటా ఆయనకి వినపడుతున్నట్టు లేదు.

“చెప్పండి,” అంటున్నాడు షాపాయన. “నా బోర్డు రాసింది మీరు. దానికెదురుగా ఇది రాసిందీ మీరు. నేను మీకేం అపకారం చేశానో చెప్పండి.”

ముప్పై ఏళ్ళ పాటు ‘ఏరా’ అన్న నోటితో ‘చెప్పండి’ అంటున్నాడు. ఆ అండీ అన్న మాట వింటుంటే నాకే తల కొట్టేసినట్టయింది. బూతులు తిట్టినా బాగుండేది.

“పెద్దాయనా, నువ్వు రాయలేదని చెప్పు, అయిపోద్ది గదా,” అన్నారెవరో వెనక నుంచి.

మామయ్య గారు అప్పుడు తల దించారు. “ఇది నా చెయ్యే,” అన్నారు.

ఒక్కసారిగా గోల లేచింది. “విన్నారా? ఆయన నోటితోనే చెప్పాడు!” “ఒప్పుకున్నాడయ్యా!”

“నా చెయ్యే,” అన్నారాయన మళ్ళీ, అంతే నెమ్మదిగా. “కానీ నేను రాయలా.”

జనం నవ్వారు. నవ్వరా మరి? షాపాయన నవ్వలేదు. ఆయన మొహం నల్లబడిపోయింది. “నలభై ఏళ్ళు నిజం రాశాడనుకున్న మనిషి,” అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు. “ఇకనించి ఈ ఊళ్ళో ఎవరి గోడ మీదా ఈయన చెయ్యి పడకూడదు. నేను చెప్తున్నా.” తలలు ఊగాయి. ఊగిన తలల్లో మామయ్య గారు బోర్డు ఊరికే రాసిచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

నేను జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాను. ముందు సగం నిజంతో సరిపెడదామని చూశాను. “బాబాయ్ గారూ, అది ఫ్లెక్సీ అండి. మిషన్ మీద ప్రింటు కొడతారు. చేత్తో రాసేది కాదు.”

“మాకు తెలవదా అమ్మాయ్?” అన్నాడొకాయన. “మీ మామతో కాగితం మీద రాయించి, ఫోటో తీసి, ప్రింటు కొట్టారు. ఆ మిషను నీ షాపులో కూడా ఉంది కదా? నువ్వే కొట్టి ఉంటావు!”

ఇంకో ఇద్దరు అవునన్నారు. మామయ్య గారు నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు. అమ్మాయిని ఎందుకు లాగుతారన్న కోపం ఉంది, నా తరఫున. అది భరించడం నా వల్ల కాలేదు.

“కుర్చీ ఒకటి ఇవ్వండి,” అన్నాను. “యూరియా బస్తాలో లోపలుంటదే పల్చటి ప్లాస్టిక్ సంచి, అదొకటి. మార్కరు.”

ఎందుకని అడుగుతూనే తెచ్చిచ్చారు. సంచిని ఒక పక్క కోసి తెరిచాను. గాలికి ఫ్లెక్సీ ఊగుతుంటే ఇద్దర్ని చెరో వైపు లాగి పట్టుకోమన్నాను. కుర్చీ ఎక్కి, ‘నకిలీ’లో న మీద ప్లాస్టిక్ పరిచి, మార్కరుతో దాని చుట్టూ గీశాను. గీత వంకరపోకూడదని పళ్ళు బిగించాను. కుర్చీ జరిపి, ఆ గీతని తీసుకెళ్ళి ‘విత్తనం’లో న మీద పెట్టాను. అతికినట్టు సరిపోయింది. తలకట్టు కొస, కింద ఒంపు, పక్కన చిన్న సొట్ట, అంతా. కింది వరసలో ‘నష్టపోయాం’ న మీద పెట్టాను. వెంట్రుక వాసి తేడా లేదు.

“ఇప్పుడు మీ బోర్డు,” అన్నాను.

షాపు లోపల బస్తాలు ఎక్కించే నిచ్చెన తెచ్చారు. షాపు మీద ముప్పై ఏళ్ళ కిందట మామయ్య గారు రాసిన బోర్డు: ‘నమ్మకమైన విత్తనములు’. అందులోనూ మూడు న లు. మొదటి న గీసి రెండో దాని మీద పెడితే తలకట్టు బయటికి పోయింది. మూడో దాని మీద పెడితే పొట్ట సరిపోలేదు. నిచ్చెన మీద నుంచే అందరికీ చూపించాను, ఒక్కొక్కటీ రెండేసి సార్లు.

“చేత్తో రాసే మనిషి ఏ అక్షరాన్నీ రెండోసారి అలాగే రాయలేడు. రాయమన్నా రాయలేడు. అక్కడ మూడూ ఒకటే. అది మనిషి రాసింది కాదు, కంప్యూటర్లో ఉన్న ఒకే ఒక్క న ని మూడు చోట్ల వేశారు. ఆయన అక్షరాలు కంప్యూటర్లో ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏ షాపులో ఎవరైనా కొట్టొచ్చు.”

గోల తగ్గింది. షాపాయన కిందనించి నన్నే చూస్తున్నాడు. “వాడి అక్షరాలు కంప్యూటర్లోకి ఎట్టా పోయినయ్యి అమ్మాయ్? ఎవరు పెట్టారు?”

తెలీదండీ అని ఉండొచ్చు. అంతటితో తీరిపోయేది కూడా. మామయ్య గారి మాట నిలబడింది, ఇంక నాతో ఎవరికీ పని లేదు. కానీ ఆయన నిచ్చెన కిందే నిలబడి, ఒక చేత్తో నిచ్చెనని పట్టుకుని ఉన్నారు, నేను పడిపోకుండా.

“నేనే పెట్టాను,” అన్నాను. “మామయ్య గారికి చెప్పకుండా. ఆయన వద్దన్నాక.”

నిచ్చెన మీదున్న చెయ్యి ఆయన తియ్యలేదు. నేను కిందికి దిగేదాకా పట్టుకునే ఉన్నారు. దిగాక వదిలేసి ఇంటి వైపు నడవడం మొదలుపెట్టారు. “ఏరా, ఆగరా!” అని షాపాయన వెనకే నాలుగడుగులు వేశాడు. ఏరా అన్నాడు, దేవుడా, ఏరా అన్నాడు! మామయ్య గారు ఆగలేదు. అప్పటికే రైతుల్లో ఒకాయన గొంతు పెంచాడు, “అది సరేనయ్యా, మరి కిందటేడు మొలవని విత్తనం సంగతేంది?” అని. జనమంతా అటు తిరిగారు. ఆ జవాబు షాపాయన చెప్పుకోవలసింది. నేను స్కూటీ ఎక్కకుండా, దాన్ని నెట్టుకుంటూ మామయ్య గారి వెనక ఇంటిదాకా నడిచాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదాయన.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కోప్పడితే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. కోప్పడలేదు కూడా. అన్నం పెడితే తినేవారు, పళ్ళెం తనే కడుక్కునేవారు. మా ఆయన మిల్లు డ్యూటీ నుంచి వచ్చి అటు ఒక మాటా ఇటు ఒక మాటా చెప్పి చూశాడు, లాభం లేకపోయింది. అత్తయ్య గారు మాత్రం కడిగిపారేశారు.

“చెప్పి చేస్తే ఆయన కాదంటాడా?”

“అన్నారు కదా అత్తయ్యా.”

“అంటే ఇంకోసారి అడగాల. ఇంట్లో మనిషివి, ఇంకోసారి అడగటానికి నోరేమైంది నీకు?”

అడిగితే మళ్ళీ కాదంటారేమోనని భయం, అంతే. రెండోసారి కూడా కాదన్నాక తీసుకోవడం కంటే మళ్ళీ అడక్కుండా తీసుకోవడమే నాకు సులువనిపించింది.

నాలుగో రోజు పొద్దున్నే, నేను షాపుకి బయల్దేరుతుంటే వచ్చి ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “చూపించు,” అన్నారు.

లాప్‌టాప్ తెరిచాను. గళ్ళల్లో వరసగా ఆయన అక్షరాలు, గడికొకటి. కళ్ళజోడు పెట్టుకుని, ముందుకు వంగి, వేలు తెరకి తగలకుండా ఒక్కొక్కదాన్నే చూపిస్తూ వచ్చారు. “ఇది టైలరు బోర్డుది. ఈ గ మిల్లు గేటుది, నిచ్చెన చాలక చెయ్యి చాపి రాశా, అందుకే సాగింది. ఇది బడి గోడ మీది ల. ఆ రోజు టీ మీద పడి చెయ్యి కాలింది నాకు.” నేను వందల ఫోటోల్లోంచి ఏరిన వాటిని, ఏ గోడ మీద నుంచి తెచ్చానో నాకే గుర్తులేని వాటిని, ఆయన ఒక్కటీ తప్పకుండా చెప్పుకుంటూ పోయారు. ఎప్పుడు రాశారో, పక్కన ఎవరు నిలబడ్డారో. ఒకటి రెండు చోట్ల కొంచెం నవ్వారు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

న దగ్గర వేలు ఆగిపోయింది.

“ఇది నాన్నది,” అన్నారు.

చేను గట్టు మీది సమాధి. దాని మీద ఆయన రాసిన ఒకే ఒక్క మాట ‘నాన్న’. అందులో రెండో న.

“ఆ రోజు కొట్టు కాడ చూడంగానే గుర్తుపట్టా. అందుకే నా చెయ్యే అన్నా. ఎట్టా కాదనేది?” కళ్ళజోడు తీశారు. “తెలిసే తీశావా అమ్మాయ్?”

“తెలిసే తీశాను మామయ్యా. అన్ని న ల్లోకీ అదే బాగుంది.”

“బాగుంటది,” అన్నారు. “పెద్దకర్మ రోజు రాశా. చెయ్యి నిలవలా నాకు. తలకట్టు కాడ ఒకసారి జారింది, పక్కన ఇంకోసారి. దిద్దుదామనుకుని, మళ్ళీ దిద్దలేక వదిలేశా.”

ఆ జారిన చోటే, ఆ సొట్టే, నాకు అన్నిటికంటే నచ్చింది. మా ఓనరుకి చూపించి, చూడండి ఎంత తేలిగ్గా, ఎంత హాయిగా రాసినట్టుందో అని మురిసిపోయాను. కోచింగ్ సెంటర్ల మీద, బిర్యానీ పాయింట్ల మీద, పుట్టినరోజుల మీద, చివరికి ఆ దిక్కుమాలిన ఫ్లెక్సీ మీద వేసింది దాన్నే. తండ్రి పోయి పదకొండు రోజులైన మనిషి ఏడుస్తూ రాసిన అక్షరం అది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“తీసేస్తాను మామయ్యా. ఇప్పుడే తీసేస్తాను. వేరేది పెడతాను.”

“తీస్తే అన్ని ఊళ్ళలోనూ పోద్దా?”

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో! “పోదు,” అన్నాను. “నా దగ్గరే పోతుంది. మిగతా షాపుల్లో ఉంటుంది.”

కళ్ళజోడు చొక్కా జేబులో పెట్టుకున్నారు. నన్ను తిట్టమని మనసులో బతిమాలుకుంటున్నాను. ఆయన లేచి, గూట్లోంచి బ్రష్షులు తీసి, నలుపు డబ్బా, తెలుపు డబ్బా సంచిలో పెట్టారు.

“అది ఇంక అందరిదీ అయిపోయిందమ్మా. నాన్నకి వేరేది రాద్దాం పద.” గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగారు. “ఫోను ఇంట్లో పెట్టి రా.”

పెట్టి వెళ్ళాను.

చేలో వానకి నేల మెత్తగా ఉంది. గట్టు మీద సమాధిని ఆయన ముందు గుడ్డతో తుడిచి, తెలుపు వేశారు. నేను చూస్తుండగానే పాత అక్షరాలు మూసుకుపోయాయి. రెండో న మీద బ్రష్షు వచ్చినప్పుడు ఆయన ఆగుతారేమో అనుకున్నాను. ఆగలేదు. తెలుపు ఆరేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. బీడీ వెలిగించారు.

నల్ల డబ్బా మూత తీసి నాకిచ్చారు. “ఇటు వచ్చి నిలబడు,” అన్నారు. “మొదటి అక్షరం ఎవరో ఒకరి ముందు పడాల కదా. నాన్న లేడు. ఎత్తుకుపోయినదానివి నువ్వే, నువ్వే నిలబడు.”

డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాను. ముందు తలకట్టు లేకుండా మాట మొత్తం రాశారు, ఎప్పట్లాగే. ఆ మాటకి ఉన్నది ఒకే ఒక్క తలకట్టు. బ్రష్షు ముంచి, అంచుకి ఒత్తి, ఆ ఒక్క తలకట్టూ వేశారు. చెయ్యి ఎక్కడా జారలేదు. అక్షరం నిటారుగా, శుభ్రంగా, మామూలుగా వచ్చింది.

పాతదానంత బాగాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. “బాగుంది మామయ్యా,” అన్నాను.

“అంత బాగా ఏం రాలేదులే,” అన్నారాయన, బ్రష్షు గుడ్డకి తుడుస్తూ. “ఇట్టాగే ఉండనీ. ఎవరూ ఎత్తుకుపోరు.”